ఎదిగినట్టు నివేదిక రాని బిడ్డ

కోటిపాలెంలోని ‘మూలాల పరిరక్షణ, శిశు పునఃసంధాన మండలి’ కార్యాలయంలోకి అడుగు పెట్టేటప్పటికి సిగ్నె మాడ్సెన్‌కి ముప్ఫయ్యెనిమిదేళ్లు. సాయంత్రం బయటికొచ్చేటప్పటికి ఆమె మూడేళ్ల పిల్ల. మధ్యలో మాయలూ మంత్రాలూ ఏమీ జరగలేదు. ఒక భోజన విరామం జరిగింది. మిగతాదంతా నిబంధనల ప్రకారం జరిగింది.

సిగ్నె పుట్టింది కోటిపాలెంలోనే. మూడేళ్లప్పుడు ఒక శిశు గృహం వాళ్లు ఆమెను డెన్మార్క్‌కు దత్తత పంపారు. అక్కడ పెరిగి, పెద్దదై, రెండు దీవుల మధ్య మనుషులనూ కార్లనూ దాటించే ఓడకి కెప్టెన్ అయింది. మన గోదావరి మీద తిరిగే పంటు లాంటిదే అది కూడా. కాకపోతే దానికి మూడంతస్తులుంటాయి, లోపల కాఫీ దొరుకుతుంది. ఆ కాఫీ తెమ్మని కొత్త ప్రయాణికులు అప్పుడప్పుడూ కెప్టెన్‌కే చెబుతుంటారు. నల్లగా ఉన్న మనిషి యూనిఫాంలో కనిపిస్తే వాళ్లకు ముందు కాఫీయే గుర్తొస్తుంది.

ఆమెకు ఇక్కడొక అక్క ఉంది. పేరు నూకరత్నం. చేపల మార్కెట్టు వెనక అంగన్‌వాడీ టీచరు. చెల్లెలు పోయిన దగ్గర్నుంచీ వెతుకుతూనే ఉంది. విదేశాలకు దత్తత వెళ్లినవాళ్ల సంఘమొకటి రాజమండ్రిలో శిబిరం పెట్టి, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ల ఉమ్మి తీసుకుని డీఎన్‌ఏ పరీక్షకు పంపుతోందని తెలిసి, బస్సెక్కి వెళ్లి ఒక గొట్టంలో ఉమ్మి వచ్చింది. కొన్నాళ్లకు సముద్రాల అవతల సిగ్నె ఉమ్మితో అది కలిసింది. మీరిద్దరూ తోడబుట్టినవాళ్లని ఇద్దరికీ కబురొచ్చింది. నూకరత్నం ఫోన్లో ఒక మాట రికార్డు చేసి పంపింది. “నేను మీ అక్కనమ్మా. చేపల మార్కెట్టు ఎనకాల నీలం రంగు బడి. ఎవర్నడిగినా చెబుతారు.” ఆ తర్వాత అంతా ఏడుపే.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ నూకరత్నం ఉద్యోగస్తురాలు. పై అధికారులకు చెప్పకుండా విదేశీయులతో మాట్లాడితే ఏమవుతుందోనని భయపడి, అనుమతి అడిగింది. అడిగిన మర్నాడే జవాబొచ్చింది. దత్తత వెళ్లిన శిశువును మూల కుటుంబీకులు మండలి అనుమతి లేకుండా చూడరాదు, పలకరించరాదు, ఫోను చేయరాదు. చేస్తే ఉద్యోగం ఉండదు.

అందుకని సిగ్నె తనను పెంచిన తల్లి కిర్‌స్టెన్‌ని వెంటబెట్టుకుని, అనుమతి కోసం స్వయంగా వచ్చింది. కిర్‌స్టెన్‌కి డెబ్బై దాటాయి. పళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరు మాట్లాడుతున్నా ముందు వాళ్ల పళ్లకేసి చూస్తుంది.

మండలి ఉపసంచాలకులు కంచర్ల పూర్ణానందం గారు లేచి నిలబడి, కిర్‌స్టెన్‌కి రెండు చేతులతో నమస్కారం పెట్టి, కుర్చీ వేయించారు. సిగ్నె నిలబడే ఉంది.

“మేడమ్, శిశువును తీసుకొచ్చారా?” అని ఇంగ్లీషులో అడిగారు.

కిర్‌స్టెన్ కూతురి వైపు చెయ్యి చూపించింది. ఆయన సిగ్నె వెనకాల చూశారు. అక్కడ బీరువా ఉంది.

“అయ్యా, నేనే ఆ శిశువును,” అంది సిగ్నె తెలుగులో. “నా అగ్రజను కలుసుకొనుటకు అనుమతి వేడుచున్నాను.”

ఆమె తెలుగు నేర్చుకుంది కోపెన్‌హాగన్ లైబ్రరీలో దొరికిన ఒక పాత వ్యాకరణ పుస్తకంలోంచి. పూర్ణానందం గారు పులకించిపోయారు. ఆయన ముప్ఫయ్యేళ్లుగా రాస్తున్న తెలుగు ఒక మనిషి నోట వినడం అదే మొదటిసారి.

“అబ్బ, మీ తెలుగు ఎంత బాగుందండీ!” అన్నారు.

సిగ్నెకి ఆ మాట కొత్త కాదు. డెన్మార్క్‌లో బుద్ధెరిగిన దగ్గర్నుంచీ, నీ డేనిష్ ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకుంటూనే ఉన్నారు. సొంత భాష బాగా మాట్లాడుతోందని రెండు దేశాల్లో శభాష్ అనిపించుకున్న మనిషి ఆమె.

దరఖాస్తు ఇంగ్లీషు అక్షరాల్లో నింపింది. ఆయన చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

“పేరు రాయాల్సిన చోట సైన్ అని రాశారేంటమ్మా? సైన్ కింద చెయ్యాలి.”

“అది నా పేరండి. సిగ్నె.”

“మరి కింద సైన్ చెయ్యాల్సిన చోట కూడా సైన్ అనే ఉంది.”

“అది నా సంతకము.”

ఆయన దరఖాస్తు పక్కన పెట్టారు. “ఏమైనా ఇది చెల్లదు. శిశువు సంతకం చెయ్యరాదు.”

“నాకు ముప్పది యెనిమిదేండ్లు.”

“మీరు అలా అనుకోవడంలో తప్పు లేదు,” అన్నారు పూర్ణానందం గారు ఎంతో సానుభూతితో. “కాని మా నిబంధనావళిలో, దత్తతకు ఇవ్వబడిన వ్యక్తిని శిశువు అంటారు. శిశువు ఎప్పుడు మొదలవుతుందో రాసి ఉంది. ఎప్పుడు అయిపోతుందో రాసి లేదు. శిశువు ఎదుగుదలపై విదేశం నుంచి ఏటేటా నివేదిక రావాలి. తమరి విషయంలో ఒక్కటీ రాలేదు. సదరు శిశువు మా దృష్టిలో చివరిసారిగా మూడేళ్ల వయసులో ఉంది. ఎదిగినట్టు నివేదిక రానిదే ఎదగడానికి వీల్లేదు.”

“నేను మీ యెదుట నిలిచియున్నాను గదా!”

“అది వ్యక్తిగత పరిశీలన అవుతుంది. ప్రభుత్వం కళ్లతో చూడదమ్మా.”

భోజన విరామం తర్వాత ఆయన తీర్పు చెప్పారు. సిగ్నె మూడేళ్ల శిశువు. కిర్‌స్టెన్ సంరక్షకురాలు. కుటుంబ పునర్దర్శనానికి అనుమతి కావాలంటే శిశువు నాలుగు దశలు దాటాలి. అంతవరకు సిగ్నె లాడ్జిలో ఉండవచ్చు. పెద్దల తోడు లేకుండా రోడ్డు దాటరాదు.

ఆ ఆదివారం పోలియో చుక్కల రోజు. లాడ్జి తలుపు తట్టి, ‘మూడేళ్ల పాప ఉందటగా’ అని అడిగిన నర్సు, ఉన్న పాపను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత తేరుకుని నోరు తెరవమంది. రెండు చుక్కలు వేసి, చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టి వెళ్లింది. మొదటి దశ, టీకాలు, పూర్తయింది.

రెండో దశ అస్తిత్వ నిర్ధారణ. దీనికి మండలి ప్రత్యూష అనే కౌన్సెలర్‌ని నియమించింది. ఆ అమ్మాయి ఈమధ్యే ఢిల్లీలో ఒక శిక్షణకు వెళ్లి, దత్తత పిల్లల అంతరంగం గురించి రెండు పూటలు విని వచ్చింది. ఆ విషయం తనకెంత తెలుసో సిగ్నెకి తెలియజేయాలని ఎంతో తపన పడుతోంది.

“మీరు చాలా లోతైన గాయంతో ఉన్నారు,” అంది ప్రత్యూష.

“ఎక్కడ?” అంది సిగ్నె.

“అది మీకు తెలియదు. తెలియకపోవడమే గాయం.” ప్రశ్నలు మొదలుపెట్టింది. “మీరు లోపల ఏ రంగు? తెలుపు, నలుపు, రెండూ, చెప్పలేను. ఒకదానికి టిక్కు పెట్టాలి.”

“లోపల ఎరుపు,” అంది సిగ్నె. “రక్తము కదా.”

“ఎరుపు లేదండీ.”

 ఈ ప్రశ్న సిగ్నెను చాలామందే అడిగారు, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. నిజమే చెబుదామనుకుంది. బడిలో క్రిస్మస్ నాటకం వేసినప్పుడల్లా తూర్పు నుంచి ఒంటె మీద వచ్చే జ్ఞాని వేషం తనకే ఇచ్చేవారని చెప్పింది. ఒక్కసారైనా గొర్రెల కాపరిగా వేస్తానంటే, నీ మొహానికి ఒంటే బాగుంటుందన్నారని చెప్పింది. అమ్మతో బజారుకెళితే, పనిపిల్ల భలే చలాకీగా ఉందని ఒకావిడ అన్నదని చెప్పింది. ఇక్కడికి వస్తే గుంపులో కలిసిపోతాననుకుందట. కలిసిపోయింది కూడా. రైలు దిగగానే ఒకాయన సామాను మొయ్యమన్నాడు.

“అద్భుతం,” అంది ప్రత్యూష. “ఇప్పుడు ఏడవండి.”

“ఎందులకు?”

“మూడో దశ కన్నీళ్లండీ. కన్నీళ్లు చూడకుండా నేను నాలుగో దశకు పంపలేను. శిక్షణలో స్పష్టంగా చెప్పారు.”

సిగ్నె ప్రయత్నించింది. అలల మీద పదిహేనేళ్లు ఓడ నడిపిన మనిషికి పిలిస్తే ఏడుపు రాదు. ప్రత్యూష ఫ్యాను ఆపించింది. వేణుగానం పెట్టింది. చివరికి క్యాంటీన్ నుంచి ఉల్లిపాయలు తరిగించి తెప్పించింది. అందరి కళ్లూ మండాయి, సిగ్నె కళ్లు తప్ప. ఓడ వంటగదిలో పనిచేసిన రోజుల్లో అవి గట్టిపడిపోయాయట.

ఇంతలో పక్కనే ఉన్న కిర్‌స్టెన్, ఎవరూ అడక్కుండానే మాట్లాడటం మొదలుపెట్టింది.

“ఇంటికొచ్చిన కొత్తల్లో తలుపు దగ్గర నిలబడి రోజూ అక్కా, అక్కా అని అరిచేది. మా భాషలో కోటును యాకె అంటారు. పాపం చలేస్తోందేమోనని నేను ప్రతిసారీ కోటు తొడిగేదాన్ని. ఎంత అరిస్తే అంత మందం కోటు తెచ్చేదాన్ని. ఒక్కోసారి కోటు మీద కోటు. చెమటలు కక్కుకుంటూ అరిచేది. ఒకరోజు మానేసింది. మా ఇల్లు అలవాటైందని మేం కేకు తెచ్చుకున్నాం. ఆ మాటకు అర్థమేంటో తను తెలుగు నేర్చుకున్నాక, మొన్న మొన్న చెప్పింది నాకు.”

చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్నె కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆవిడ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

ప్రత్యూష చప్పట్లు కొట్టినంత పని చేసింది. వెంటనే నమోదు చేసుకుంది: శిశువు తరఫున సంరక్షకురాలు ఏడ్చారు. మూడో దశ పూర్తి.

నాలుగో దశ మూలాల మహోత్సవం. ఆ ఏడు అన్ని జిల్లాల్లోనూ మూలాల మీద మోజు పెరిగిపోయి, ఏ ఆఫీసులో చూసినా మూలాల వారోత్సవాలు, మూలాల ముగ్గుల పోటీలు జరుగుతున్నాయి. కోటిపాలెం మండలికి మాత్రమే నిజంగా మూలాలు వెతుక్కుంటూ వచ్చిన మనిషి దొరికింది. పూర్ణానందం గారు కళ్యాణ మండపం మాట్లాడారు. వేదిక మీద పెద్ద బ్యానరు కట్టించారు. రికార్డుల్లో శిశువుకు ఏ పేరు ఉందో అదే రాయించారు: “పుట్టినగడ్డకు పునరాగమనం చేసిన ఆడశిశువు-బి గారికి హార్దిక స్వాగతం.”

“మీ మూల నామం ఇకనుంచీ ఇదేనమ్మా,” అని ఆయన ఆప్యాయంగా చెప్పారు. “మీ గుర్తింపును మీకు తిరిగి ఇచ్చేస్తున్నాం.”

“మరి ఆడశిశువు-ఎ ఎవరు?” అని అడిగింది సిగ్నె.

ఎవరికీ తెలియదు.

వేదిక మీద కిర్‌స్టెన్‌కి శాలువా కప్పారు, గజమాల వేశారు, మాతృమూర్తి అని బిరుదిచ్చారు. రంగూ జాతీ చూడకుండా ఒక నల్లపిల్లను చేరదీసిన ఆమె విశాల హృదయం గురించి ఐదుగురు మాట్లాడారు. ఆ నల్లపిల్ల ఎంత అదృష్టవంతురాలో మరో ముగ్గురు మాట్లాడారు. సిగ్నె లేచి మైకు దగ్గరికి నడిచింది. పూర్ణానందం గారు నెమ్మదిగా చెయ్యి అడ్డం పెట్టారు.

“శిశువులు ప్రసంగించరాదమ్మా. మీ గురించి చెప్పడానికి నిపుణులున్నారు.”

ఆమె చేతికి ఒక బెలూను ఇచ్చి కూర్చోబెట్టారు. ఫొటోలన్నిట్లో ఆమె బెలూనుతోనే పడింది.

నాలుగు దశలూ దాటాక అనుమతి వచ్చి ఉండాల్సింది. కానీ ఈ సన్మానం వల్ల కిర్‌స్టెన్ వివరాలు పైకి వెళ్లాయి. పైనుంచి ఒక అభ్యంతరం కిందికి వచ్చింది. మూడేళ్ల శిశువును పెంచుతున్న సదరు మహిళకు డెబ్బై ఒక్క సంవత్సరాలు. ఇంత వయసు మళ్లిన వ్యక్తికి పసిబిడ్డను ఎవరు అప్పగించారు? వెంటనే వివరణ ఇచ్చి, శిశువును అర్హులైన దంపతులకు దత్తత ఇవ్వవలసింది.

“నన్ను మరలా దత్తత ఇచ్చెదరా?” అంది సిగ్నె.

“మీ క్షేమం కోసమేనమ్మా,” అన్నారు పూర్ణానందం గారు. మాతృమూర్తి బిరుదు కిర్‌స్టెన్ దగ్గర్నుంచి మర్యాదగా వెనక్కి తీసుకున్నారు. శాలువా మాత్రం ఉంచుకోమన్నారు.

పిల్లల కోసం ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్న ఒక జంటను పిలిపించారు. వాళ్లు మంచి బట్టలు కట్టుకుని, ఒక టెడ్డీబేర్ పట్టుకుని వచ్చారు. సిగ్నెను చూసి కొంచెం కంగారుపడ్డారు గాని, ఆఫీసులో ఎవరూ కంగారుపడటం లేదు కనక తాము పడటం బాగుండదని సర్దుకున్నారు.

భార్య చుట్టూ తిరిగి చూసింది. “కళ్లు బాగున్నాయండి. కాని రంగే... బాగా తక్కువ.”

“ఎండకు అలా అయ్యిందేమో,” అన్నాడు భర్త.

“అక్కడ ఎండ ఎక్కడిదండీ? మంచు దేశం. అంత చల్లటి దేశంలో అన్నేళ్లుండి కూడా తెల్లబడలేదంటే ఇక తెల్లబడదు. ఇంకాస్త చామనఛాయలో ఉన్న పాప ఎవరైనా ఉంటే చెప్పండి సార్.”

సిగ్నె గట్టిగా నవ్వేసింది. డెన్మార్క్‌లో తన రంగు చూసి ఇబ్బందిపడ్డవాళ్లంతా, ఆ మాట పైకి అనడానికి జన్మంతా తంటాలు పడటం ఆమె చూసింది. ఇక్కడ ఇంత చులాగ్గా అనేస్తారని తెలిస్తే వాళ్లు ఎంత అసూయపడేవాళ్లో. నవ్వి నవ్వి, ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు బయటికి చూస్తూ నిలబడింది. ఆ నిలబడటం చూసినప్పుడు మాత్రం ఆమె నిజంగానే మూడేళ్ల పిల్లలా ఉందని కిర్‌స్టెన్‌కి అనిపించింది. వెళ్లి పక్కన నిలబడింది. 

చెల్లెలిని ఇంకెవరికో ఇచ్చేస్తున్నారన్న కబురు నూకరత్నానికి చేరింది. చేపల మార్కెట్టుకు చేరని కబురుండదు. ఆవిడ పమిట భుజం చుట్టూ బిగించుకుని నేరుగా ఆఫీసుకు వచ్చేసింది. శిశువు ఎదురుపడకుండా పూర్ణానందం గారు సిగ్నెను పక్క గదిలో కూర్చోబెట్టి తలుపు వేయించారు. తలుపు సన్నటిది. సిగ్నె చెవి ఆనించింది.

“అయ్యా, ఎవరికో ఎందుకండి? నేను పెంచుకుంటానండి దాన్ని.”

“నీ వయసెంత?”

“నలభై నాలుగండి.”

పూర్ణానందం గారు నిబంధనలు తిరగేశారు. “మూడేళ్ల శిశువును పెంచుకోవడానికి ఒంటరి మహిళకు నలభై దాటకూడదు. నువ్వు ముసలిదానివి.”

“పోనీ దానికి ముప్ఫయ్యెనిమిదని రాసుకోండయ్యా. నిజంగా అంతే కదండి.”

“అలా రాస్తే పెంచేవారికీ బిడ్డకీ పాతికేళ్ల తేడా ఉండాలి. నీకు ఆరేళ్లే తేడా. అప్పుడు నువ్వు పసిదానివి.” ఆయన పుస్తకం మూశారు. “ఎటు చూసినా నీకు వయసు సరిపోలేదు నూకరత్నం.”

“మరి దాన్ని ఒక్కసారి చూడనివ్వండయ్యా. దూరం నుంచేనండి. మాటాడను.”

“అది మూల కుటుంబ పునర్దర్శనం కిందికి వస్తుంది. పరిశీలనలో ఉంది.”

 కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తర్వాత చెప్పుల చప్పుడు. నూకరత్నం గుమ్మం దగ్గర ఆగి, “ఆయ్. వెళ్లొత్తానండి,” అంది. ఆ గొంతును ఫోనులో కాకుండా సిగ్నె వినడం ఆ రోజే మొదటిసారి. తలుపు తీయబోయింది. బయట గడియ పెట్టి ఉంది.

ఓడలో సిగ్నెకి ఒక అలవాటుంది. ఎదురుగాలి ఓడను ఎటు తోస్తోందో కాసేపు చూస్తుంది. దాన్ని ఓడించలేనని తేలాక, చుక్కాని దానికి అనుగుణంగానే తిప్పి, వెళ్లాల్సిన రేవుకే వెళుతుంది. ఆ రోజు సాయంత్రమే లాడ్జి ఖాళీ చేసి, కిర్‌స్టెన్‌తో సహా చేపల మార్కెట్టు పక్కనున్న ఇంకో లాడ్జికి మారింది. వాసన భరించలేమని అందరూ వద్దన్న లాడ్జి అది. మర్నాడు పొద్దున్నే పూర్ణానందం గారి గదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నాళ్లూ నేను శిశువును కానని వాదించిన మనిషి ఆ రోజు ఆ ఊసే ఎత్తలేదు.

“అయ్యా, నాకు ఆకలి వేయుచున్నది,” అంది.

“టిఫిన్ తెప్పించమంటారా?”

“టిఫిన్ కాదు. నేను మూడేండ్ల శిశువును. నాకు గుడ్డు ఏది? పాలు ఏవి? ఇన్ని దినములుగా ఈ జిల్లాలో ఒక శిశువు పౌష్టికాహారము లేక యున్నది. తమకు తెలియదా?”

పూర్ణానందం గారి చేతిలో కలం ఆగిపోయింది. జిల్లాలోని అంగన్‌వాడీలు కూడా ఆయన కిందే ఉన్నాయి, వాటిలో పిల్లల నమోదు నూటికి నూరు శాతం. ఆ నూరు శాతానికి పోయిన నెలే ఆయనకు జ్ఞాపిక ఇచ్చారు. అది బల్ల మీద ఆయన మొహం కేసే చూస్తోంది. మూడేళ్ల శిశువు ఒకటి ఏ కేంద్రంలోనూ నమోదు కాకుండా, పైగా విదేశీ పాస్‌పోర్టుతో, ఆకలితో తన ఎదురుగా కూర్చుని ఉంది.

“మీ... శిశువు నివాసం ఏ వార్డులోకి వస్తుంది?” అని అడిగారు.

“చేపల మార్కెట్టు వార్డు.”

ఆ వార్డులో కేంద్రం ఒక్కటే. దాని కార్యకర్త ఎవరో ఆయనకు తెలుసు. ఫ్యానుకేసి చూశారు. శిశువును అక్కడికి పంపితే ఒక నిబంధన పోతుంది. పంపకపోతే నూరు శాతం పోతుంది. కొద్దిసేపటికే ఆయనలోని పరిపాలకుడు దారి కనిపెట్టాడు.

“నమోదు చేద్దాం. కాని ఒక షరతు. అక్కడ మీరు అక్కచెల్లెళ్లుగా వ్యవహరించరాదు. కార్యకర్త, లబ్ధిదారు. అంతే. నేను స్వయంగా పర్యవేక్షిస్తాను.”

జీపులో అందరూ బయల్దేరారు. ముందు సీట్లో పూర్ణానందం గారు, వెనక కిర్‌స్టెన్, మధ్యలో సిగ్నె, పక్కన కన్నీళ్ల దశ మళ్లీ వస్తుందేమోనని ప్రత్యూష.

నీలం రంగు గోడలు, లోపల చాపలు, చాపల మీద పిల్లలు. నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. జీపు దిగుతున్న మనిషిని చూసింది. ఆ మనిషి తనకంటే జానెడు పొడవుంది. ఆ నడక మాత్రం వాళ్ల అమ్మదే. నూకరత్నం గుమ్మం పట్టుకుంది.

“కార్యకర్త!” అన్నారు పూర్ణానందం గారు హెచ్చరికగా. “కొత్త లబ్ధిదారు. నమోదు చేసుకో.”

“ఆయ్,” అంది నూకరత్నం. “లోపలికి రామ్మా.”

సిగ్నె వెళ్లి చాప మీద కూర్చుంది. పక్కనున్న బొద్దుపిల్ల ఆమెను ఎగాదిగా చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది. కోటిపాలెంలో ఆమెను ఏ ప్రశ్నా అడగని మొదటి మనిషి ఆ పిల్లే.

“ముందు తూకం,” అన్నారు పూర్ణానందం గారు.

పిల్లలను తూచే కాటా దూలానికి వేలాడుతోంది. దాని కింద గుడ్డతో కుట్టిన నిక్కరు లాంటి సంచి ఉంది. సిగ్నె నిజాయితీగా ఒక కాలు పెట్టి చూసింది. దూలం మూలిగింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

“సంచిలో పట్టని బిడ్డను నిలబడే కాటా మీద తూచాలి,” అన్నారు ఆయన. నియమం ఆయనకు కంఠస్థం. “కాని మూడేళ్ల బిడ్డను ఒంటరిగా కాటా ఎక్కించరాదు. పడిపోతుంది. కార్యకర్త బిడ్డను ఎత్తుకుని ఎక్కాలి. వచ్చినదాంట్లోంచి కార్యకర్త బరువు తీసెయ్యాలి.”

నూకరత్నం ఆయన వైపు చూసింది. “ఎత్తుకోమంటారాండి?”

“నిబంధన అదే.”

నూకరత్నం కాటా మీద నిలబడింది. చేతులు చాచింది. సిగ్నె దగ్గరికొచ్చి, ఆ మెడ చుట్టూ చేతులు వేసింది. నూకరత్నం ఆమె నడుం చుట్టూ పట్టుకుని, పళ్లు బిగించి, నేల మీంచి ఒక్క బెత్తెడు పైకెత్తింది. ముల్లు ఊగిపోయింది.

“గట్టిగా పట్టుకో, కార్యకర్తా. బిడ్డ జారిపోతుంది.”

“జారనివ్వనండి.”

“ముల్లు నిలబడేదాకా దిగరాదు.”

“ఆయ్, దిగమండి.”

సిగ్నె ఆ చెవిలో అడిగింది. ఎన్నేళ్లుగానో ఆమె దగ్గర ఉన్న ప్రశ్న అదొక్కటే. ఎందుకిచ్చారని కాదు. “నేను లేనప్పుడు... నన్ను ఎవరైనా వెతికిరా?”

“నేను బళ్లోంచి వచ్చేటప్పటికి నువ్వు లేవు,” అంది నూకరత్నం, ఆయాసపడుతూ, పెదవులు కదలకుండా. “రేవు దాకా ఎతికేను. పడవల కింద ఎతికేను. అమ్మ ఆస్పత్రిలో ఉంది. హాస్టల్లో ఏసేనన్నాడు నాన్న. చదివించి పంపేత్తామని ఆ శిశు గృహం వోళ్లు ఏలిముద్రలు ఏయించుకున్నారంట. అమ్మ ప్రతీ పండక్కీ నీకు గౌను కుట్టించేది మణీ. ఏటేటా ఇంత పెంచి కుట్టించేది. ఇప్పుడు ఇంతయ్యుంటాది, ఇప్పుడు ఇంతయ్యుంటాది అని. ఆకరికి గౌను మానేసి చీర కొంది. అమ్మ లెక్కలో నువ్వు ఎదుగుతానే ఉన్నావు.”

“మణి ఎవరు?”

“నువ్వే. నూకమణివి.”

 సిగ్నె మొహం అక్క భుజంలో దాచుకుంది. ప్రత్యూష కాగితం, కలం పట్టుకుని ఇటూ అటూ తిరిగింది గాని, కన్నీళ్లు ఉన్నదీ లేనిదీ ఆ వైపు నుంచి కనిపించలేదు.

చివరికి నూకరత్నం చేతులు వణికి, ఇద్దరూ కాటా మీంచి దాదాపు పడిపోయారు. దిగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. పిల్లలూ నవ్వారు, ఎందుకో తెలియకుండానే. పూర్ణానందం గారు మాత్రం లెక్క వేస్తున్నారు. వేసిన లెక్క మళ్లీ వేశారు.

“అరవై నాలుగు కిలోలు!” అన్నారు దిగ్భ్రాంతితో. “మూడేళ్ల బిడ్డ! కార్యకర్తా, కారణం ఏం రాయమంటావు?”

నూకరత్నం పమిటతో మొహం తుడుచుకుని, గుమ్మం దగ్గర శాలువా కప్పుకుని నిలబడ్డ కిర్‌స్టెన్ వైపు చూసింది. “ఆవిడగారు బాగా పెట్టి పెంచేరని రాసుకోండయ్యా,” అంది. సిగ్నె ఆ మాట డేనిష్‌లో చెప్పింది. కిర్‌స్టెన్ వచ్చి చాప మీద, పిల్లల మధ్య, మోకాళ్లు పట్టుకుంటూ మెల్లిగా కూలబడింది. నూకరత్నం ఆవిడకు పీట తెచ్చి వేసింది.

పూర్ణానందం గారు నిబంధనావళి తీశారు. అధిక బరువు గల శిశువుల విభాగం ఎక్కడో చివర్లో ఉంది. చదివి, గంభీరంగా ప్రకటించారు.

“పరిస్థితి తీవ్రంగా ఉంది. ఇటువంటి బిడ్డను బరువు సాధారణ స్థాయికి దిగేవరకు ప్రతిరోజూ కేంద్రానికి రప్పించి, ప్రతిరోజూ ఇదే పద్ధతిలో తూచాలి. ఒక్కరోజు తప్పినా చర్య తీసుకుంటాను.”

“ఆయ్,” అంది నూకరత్నం. గిన్నెలోంచి ఒక గుడ్డు తీసి వలిచి, చెల్లెలి చేతిలో పెట్టింది. అది తింటుండగానే ఇంకోటి వలవడం మొదలుపెట్టింది.